ప్రామాణిక భీతుడు

మంత్రిగారికి సినిమా హాల్లో కునుకు పట్టడంతో వచ్చింది ఈ గొడవంతా. ఆ సినిమా పోస్టరు మీద "వాస్తవిక భయానక చిత్రం, గుండెజబ్బు ఉన్నవారు చూడరాదు" అని ఎర్రటి అక్షరాలతో వేసి ఉంది. మంత్రిగారి గుండెలో రెండు స్టెంట్లున్నాయి. అయినా ధైర్యం చేసి, పక్క సీట్లో డాక్టరునీ, గేటు బయట అంబులెన్సునీ పెట్టుకుని మరీ వెళ్లారు. తీరా దయ్యం రాకముందే నిద్రపోయి, లైట్లు వేశాక లేచారు.

"పాల ప్యాకెట్టు మీద వెన్న శాతం వేస్తున్నారు. ఎరువు బస్తా మీద నత్రజని శాతం వేస్తున్నారు. భయం అమ్ముకునేవాడు అందులో భయం ఎంతుందో ఎందుకు వెయ్యడు? ప్రజల్ని నిలువునా మోసం చేస్తుంటే ఈ ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోదు" అని మర్నాడు సభలో గర్జించారు. ప్రతిపక్షం వాళ్లు కూడా బల్లలు చరిచారు. వాళ్లూ ఆ సినిమాకి టికెట్లు కొన్నవాళ్లే మరి.

అలా పుట్టింది రాష్ట్ర భయ ప్రమాణాల మండలి. రాజమండ్రిలో పట్టుపురుగుల పెంపకం శిక్షణ కేంద్రం ఒకటి మూతపడి ఖాళీగా ఉంటే అందులో పెట్టారు. అధ్యక్షులుగా తుమ్మగుంట పరాత్పరరావు గారిని వేశారు. ఆయన చేపల శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన పెద్దమనిషి. చేపలకీ భయానికీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. చేపల శాఖకి వెళ్లేముందు ఆయనకి చేపలతో కూడా సంబంధం లేదు.

మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చిపడింది. బియ్యం తూచడానికి రాయి ఉంది, గుడ్డ కొలవడానికి మీటరుబద్ద ఉంది. భయాన్ని దేనితో కొలవాలి? మూడు నెలలు తర్జనభర్జన పడ్డాక, భయాన్ని భయపడే మనిషితోనే కొలవాలని తేల్చారు. మనుషులందరూ ఒకే మోతాదులో భయపడరు గనక రాష్ట్రం మొత్తానికి ఒకే మనిషి ఉండాలన్నారు. పేపర్లో ప్రకటన వేశారు. "కావలెను: మామూలు మనిషి. ఒక పోస్టు. మరీ పిరికివారు, మరీ ధైర్యవంతులు దరఖాస్తు చేయనవసరం లేదు."

నాలుగువేల రెండువందల మంది వచ్చారు. ఇంటర్వ్యూ అనగానే అలవాటు ప్రకారం ప్రతివాడూ తన గొప్పలే చెప్పుకున్నాడు. ఒకడు ఈతలో బంగారు పతకం తీశాడు, ఒకడు గుక్క తిప్పుకోకుండా నూట ఎనిమిది పద్యాలు చదివాడు. ఆఖర్న నల్లమిల్లి తాతబ్బాయి అనే నలభై మూడేళ్ల మనిషి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. రైసు మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర గుమస్తా. పద్నాలుగేళ్లయినా ఆ ఉద్యోగం పర్మనెంటు కాలేదు.

"మీ ప్రత్యేకత ఏమిటి?" అని అడిగారు పరాత్పరరావు గారు.

తాతబ్బాయి బాగా ఆలోచించాడు. "ఏం లేదండి" అన్నాడు.

సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. డాక్టరు వచ్చి నాడి పట్టుకుంటే సరిగ్గా డెబ్భై రెండు. బీపీ నూట ఇరవై బై ఎనభై. బల్లిని చూస్తే కాస్త జంకుతాడు, పామును చూస్తే పూర్తిగా జంకుతాడు, పులిని చూడలేదు. "నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇంత మామూలు మనిషిని ఎక్కడా చూడలేదు" అని డాక్టరు రాసిచ్చాడు. తాతబ్బాయి భార్య సూర్యకుమారి ఆ కాగితాన్ని చూసి, పెళ్లయిన మొదటి వారంలోనే తాను కనిపెట్టిన సంగతికి ఇంత హడావుడి ఎందుకో అర్థం కాక ఊరుకుంది.

ఉద్యోగం పేరు ప్రామాణిక భీతుడు. మూడేళ్లు కాంట్రాక్టు. ఆ మూడేళ్లూ నాడి డెబ్భై రెండు దగ్గర నిలకడగా ఉంటే పర్మనెంటు. సినిమా చూస్తున్నప్పుడు అతని నాడి డెబ్భై రెండు దాటి ఎన్నిసార్లు ఎక్కువ కొట్టుకుంటే ఆ సినిమాలో అన్ని మాత్రల భయం ఉన్నట్టు లెక్క. కాగితాల మీద దాన్ని "భీతిమాత్ర" అన్నారు. సినిమావాళ్లకి నోరు తిరగక "తాత" అన్నారు. ముప్పై తాతలు దాటితేనే భయానక చిత్రమని సర్టిఫికెట్టు. దాటకపోతే "కుటుంబ కథాచిత్రం" అని వేసుకోవాలి.

సాధనాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి గదా. అందుకని నియామకపు ఉత్తర్వుతో పాటు ఇంటికో సర్క్యులరు వచ్చింది. "ప్రామాణిక భీతుడు ప్రభుత్వ కొలత సాధనమగుటచేత, కార్యాలయము వెలుపల భయపడుట నిషేధము. కుటుంబసభ్యులు సదరు సాధనమునకు అశుభవార్తలు నేరుగా చెప్పరాదు. అట్టి వార్తలను నిర్ణీత నమూనా పత్రములో పూరించి అశుభవార్తల విభాగమునకు సమర్పించినచో, తగు మోతాదులో పలుచన చేసి తెలియజేయబడును. ఉల్లంఘన జరిగినచో ఉద్యోగము రద్దు." దాని వెనకాలే యాభై ఖాళీ ఫారాలు కూడా వచ్చాయి. సూర్యకుమారి వాటిని టీవీ పక్కన అరలో పెట్టింది.

ఆ వీధిలో ఎవర్ని చూసినా మొరిగే నల్లకుక్క ఒకటి ఉండేది. దాన్ని ధవళేశ్వరం బదిలీ చేశారు. మండపేటలో తాతబ్బాయి మేనమామ పోయినప్పుడు సూర్యకుమారి ఫారం నింపి ఇచ్చింది. రెండో రోజు ఆఫీసు నుంచి అతనికి "మీ మేనమామగారికి కొద్దిగా నలతగా ఉన్నది" అని చీటీ వచ్చింది. అయిదో రోజుకి నలత ముదిరింది. పదకొండో రోజుకి "మీ మేనమామగారు ఇకమీదట మీ ఇంటికి రాజాలరు" అనే స్థాయికి వచ్చింది. అప్పటికి అక్కడ కర్మకాండ పూర్తయి, భోజనాలు కూడా అయిపోయాయి. తాతబ్బాయి ఆ చీటీ పట్టుకుని ఏడుద్దామనుకున్నాడు గానీ, నాడి పెరుగుతుందని భయపడి, భయపడకూడదు గనక అదీ మానేశాడు.

మండలిలో సినిమా వేసే గది చల్లగా, చీకటిగా ఉంటుంది. మధ్యలో నేలకి బిగించిన ఒకే ఒక్క కుర్చీ. మణికట్టుకి పట్టీ, పట్టీకి తీగ, తీగ చివర గోడకి పెద్ద మీటరు. వెనక అద్దాల గదిలో సభ్యులు జీడిపప్పు తింటూ ముల్లును చూస్తారు. మొదటి ఆరు నెలలు ముల్లు బాగానే ఎగిరింది. తెల్లచీర కనిపిస్తే నలభై తాతలు, గజ్జెల చప్పుడైతే యాభై. కానీ రోజుకి రెండు దయ్యాల చొప్పున చూస్తే ఎవరికైనా దయ్యం చుట్టమైపోతుంది. ఏడాది తిరిగేసరికి దయ్యం పైకప్పు నుంచి తలకిందులుగా దిగుతుంటే తాతబ్బాయి ఆ చీరకి ఫాల్ కుట్టించారో లేదో చూసేవాడు. ముల్లు రెండు దగ్గర పడుకునేది.

సినిమాలన్నీ వరసపెట్టి కుటుంబ కథాచిత్రాలైపోయాయి. అర్ధరాత్రి మొగుడి గొంతు కొరికిన మోహినికి కూడా మహిళా ప్రేక్షకుల ఆదరణ కోరుతూ పోస్టరు వేసుకోవాల్సి వచ్చింది. అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాడు దేవరపు భాగ్యారావు. పదిహేను దయ్యం సినిమాలు తీసి, దయ్యాలకి పుట్టినిల్లు అనిపించుకున్న దర్శకుడు. ఆయన పదహారో సినిమా చూసి తాతబ్బాయి సరిగ్గా ఒక్క తాత భయపడ్డాడు. అది కూడా కుర్చీలో కదిలినందుకు వచ్చింది.

లైట్లు వేశారు. భాగ్యారావు తల పట్టుకు కూర్చున్నాడు. పట్టీ ఇంకా విప్పలేదు. ఉన్నట్టుండి ముల్లు దబ్బున ముప్పై నాలుగుకి ఎగిరింది. అద్దాల గదిలో జీడిపప్పు కిందపడింది.

"ఏమైందండీ? ఏం కనబడింది?" అంటూ భాగ్యారావు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం కనబడలేదండి" అన్నాడు తాతబ్బాయి, చెమట తుడుచుకుంటూ. "పొద్దున్న పాలు కాచి వచ్చేనండి. మా ఆవిడ గుడికెళ్లింది. పొయ్యి కట్టేనో లేదో గుర్తు రావట్లేదండి."

భాగ్యారావు అతన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత బయటికి వెళ్లి, కారెక్కి, నేరుగా తన ఇంటికి వెళ్లి పొయ్యి చూసుకున్నాడు.

నాలుగు నెలల్లో ఆయన పదిహేడో సినిమా వచ్చింది. పేరు "కట్టేశానా?". భార్యాభర్తలు వ్రతం చేయించుకోవడానికి అన్నవరం బస్సెక్కుతారు. రాజానగరం దాటాక భర్తకి పొయ్యి అనుమానం వస్తుంది. అంతే కథ. బస్సు వెళ్తూనే ఉంటుంది. భార్య బత్తాయి వలిచి ఇస్తుంది, అతను తినడు. పక్కింటివాళ్లకి ఫోను చేస్తే ఎత్తరు. జగ్గంపేటలో దిగిపోదామంటే వ్రతానికి వేళ మించిపోతుందని భార్య అంటుంది. రెండు గంటల సినిమాలో ఒక్క కేక లేదు, ఒక్క నెత్తుటి చుక్క లేదు. తాతబ్బాయికి అరవై ఒక్క తాతలు వచ్చాయి.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. "భయమున్నమాట వాస్తవమే గాని, భయకారకము కానరాదు" అన్నారు పరాత్పరరావు గారు. "ఏడవ నిబంధన ప్రకారము భయానక చిత్రమునందు కనీసము ఒక దయ్యము ఉండవలెను. పొయ్యిని దయ్యముగా పరిగణించుటకు మనకు అధికారము లేదు."

"నేను పదహారు సినిమాల్లో దయ్యాన్ని నమ్ముకుని చెడిపోయేనండి బాబూ" అన్నాడు భాగ్యారావు. "దయ్యం ఎంత కష్టపడ్డా సినిమా హాలు గేటు దాకానే వత్తాదండి. పొయ్యి ఇంటి దాకా వత్తాది."

ఈ మాట మినిట్సులో రాసుకున్నారు గానీ అర్థం చేసుకోలేదు. చివరికి రాజీ కుదిరింది. బస్సు వెనక సీట్లో ఒక దయ్యాన్ని టికెట్టు కొనిపించి కూర్చోబెట్టారు. అది సినిమా అంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. సినిమా చూసిన లక్షలాదిమందిలో దాన్ని గమనించినవాడు ఒక్కడూ లేడు.

జనం మాత్రం అల్లాడిపోయారు. ఇంటర్వెల్లులో సగం హాలు లేచి ఇళ్లకి పరుగెత్తింది. రామచంద్రపురంలో ఒక ముసలావిడ తెరకేసి "కండక్టరూ, ఆపవయ్యా" అని అరిచింది. మండలి తనిఖీ అధికారులు మాత్రం "ప్రేక్షకులు మధ్యలో లేచి వెళ్లిపోవుచున్నందున చిత్రము ఆకట్టుకొనుట లేదు" అని నివేదిక పంపారు.

చిలికి చిలికి గాలివాన అయింది. భయపెట్టాల్సింది లోకాన్ని కాదు, తాతబ్బాయిని అని ప్రతి నిర్మాతకీ తెలిసిపోయింది. అతని ఇంటికి అచ్చం నకలుగా హైదరాబాదులో మూడు సెట్లు వేశారు. హీరోలు జుట్టు పల్చబరుచుకుని, పొట్ట పెంచి, కుర్చీ అంచున కూర్చోవడం నేర్చుకున్నారు. మీటింగులో ఉండగా ప్యాంటు జిప్పు గురించి అనుమానం రావడం ఒక సినిమా. డాక్టరు రిపోర్టు చూసి "ఊఁ" అని ఊరుకోవడం మరో సినిమా. అది తొంభై తాతలు. ఇక ఆ వీధిలో జనం పెరిగారు. పాలవాడు మారాడు, ఇస్త్రీవాడు మారాడు. కొత్తగా దిగిన పక్కింటావిడ ఒకరోజు సూర్యకుమారికి గిన్నెడు పులిహోర తెచ్చిచ్చి, "వదినా, అన్నయ్యగారికి దేనికి ఎక్కువ భయం?" అని అడిగింది.

"నాకు" అంది సూర్యకుమారి. పక్కింటావిడ అది కూడా రాసుకుంది.

నిర్మాతల సౌకర్యం కోసం మండలి ఇంకో మంచి ఏర్పాటు చేసింది. ప్రామాణిక భీతుని భయాలకు సంబంధించిన సమాచారం యావత్తూ ప్రజల ఆస్తి గనక, దరఖాస్తు పెట్టుకున్నవారికి నకళ్లు ఇవ్వాలని తీర్మానించింది. తాతబ్బాయికి ఇదంతా చిరాగ్గానే ఉండేది. కానీ మూడేళ్లు నిండడానికి ఇక రెండు నెలలే ఉంది. పద్నాలుగేళ్లు కాటా దగ్గర, మూడేళ్లు కుర్చీలో, ఇంత కాలం ఎదురుచూసిన పర్మనెంటు కోసం ఇంకో రెండు నెలలు ఓర్చుకోలేమా అనుకున్నాడు. ఇంట్లో కూడా అదే చెప్పాడు. "ఈ రెండు నెల్లూ నాకేం చెప్పకండే. ఇల్లు కూలినా ఫారమే నింపండి" అని భార్యకీ, ఇంటరు చదువుతున్న కూతురు చైత్రకీ దణ్ణం పెట్టినంత పనిచేశాడు.

ఆ రెండు నెలలూ దాదాపు గడిచి, ఇంకో నాలుగు రోజుల్లో కాంట్రాక్టు ముగుస్తుందనగా, భాగ్యారావు పద్దెనిమిదో సినిమా తెచ్చాడు. సాయంత్రం నాలుగింటికి వేశారు.

తెర మీద ఒక ఇంటి ముందుగది. సాయంత్రపు వెలుగు. ఒక తండ్రి కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు. గుమ్మం దగ్గర చెప్పుల వరసలో ఒక జత ఖాళీ. కూతురు కాలేజీ నుంచి ఆరూ పది బస్సుకి రావాలి. ముందు ఆ అమ్మాయి బస్సు దిగడం చూపించారు, నిన్న, మొన్న, అటు మొన్న. ప్రతిసారీ దిగగానే సంచీని ఎడమ భుజం మీదికి ఒక్క ఊపున ఎగరేసుకుంటుంది. ఈ రోజు బస్సు వచ్చింది. దిగవలసినవాళ్లు దిగారు. తలుపు మూసుకుంది. బస్సు వెళ్లిపోయింది. తండ్రి ఫోను చేస్తే మోగుతోంది. ఎవరూ ఎత్తడంలేదు. ఇంకోసారి చేశాడు. పాటల్లేవు, వాద్యాల్లేవు. ఫోను మోగడం తప్ప ఇంకేమీ లేదు.

మీటరులో వంద దాకానే అంకెలున్నాయి. ముల్లు వంద దాటి, చివరి మేకుకి కొట్టుకుని, విరిగి కిందపడింది. సభ్యులు లేచి చప్పట్లు కొట్టారు. తాతబ్బాయి చప్పట్లు వినలేదు. ఆ సంచీ ఎగరేసుకోవడం తప్ప అతనికి ఇంకేమీ కనబడలేదు. అది చైత్ర సంచీ ఎగరేసుకునే తీరు. ఆ నటికి అది ఎలా తెలిసింది? తీగ తెంపుకుని, పట్టీ మణికట్టుకి వేలాడుతుండగానే బయటికి పరుగెత్తాడు.

మోరంపూడి స్టాపుకి వచ్చేసరికి అయిదుంబావు. బస్సుకి ఇంకా యాభై అయిదు నిమిషాలుంది. కూతురికి ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. క్లాసులో ఉంటుందని అతనికి తెలుసు. తెలిసినా ఏడుసార్లు చేశాడు. ఆ రోజు బస్సు పది నిమిషాలు ఆలస్యమైంది. ఆ పది నిమిషాల్లో తాతబ్బాయి ఎంత భయపడ్డాడో చెప్పడానికి ఏ మండలి దగ్గరా మీటరు లేదు.

చైత్ర దిగింది. సంచీ ఎడమ భుజం మీదికి ఎగరేసుకుంది. తండ్రిని చూసి బిత్తరపోయింది.

"అమ్మలూ, ఈమధ్య నీ వెనకాల ఎవరైనా తిరుగుతున్నారా?"

చైత్ర కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రెండు నెలల్నించి నాన్నా. టోపీ పెట్టుకుని ఒకడు. కాలేజీ గేటు కాడ ఉంటాడు, బస్సెక్కుతాడు, ఇక్కడ దిగుతాడు. ఏం చెయ్యడు. చిన్న కెమెరాలో తీత్తాడు. నేను సీటు మారితే ఆడూ మారతాడు."

"నాకు చెప్పలేదేంటమ్మా?"

"చెప్పకూడదు గదా నాన్నా. చెప్తే నీ ఉద్యోగం పోద్దన్నావు." ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. "అమ్మకి చెప్తే అమ్మ నీకు చెప్పేత్తాదని చెప్పలేదు. ఫారం నింపి మీ ఆఫీసులో ఇచ్చేను. పరిశీలనలో ఉన్నదని ఉత్తరం వచ్చింది."

తాతబ్బాయి రోడ్డు పక్కన సిమెంటు దిమ్మ మీద కూలబడ్డాడు. పదిహేడేళ్ల పిల్ల రెండు నెలలపాటు రోజూ ఆ బస్సులో ఒక్కతే భయపడింది. తండ్రి భయపడకుండా ఉండాలని భయపడింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

సూర్యకుమారి సంగతంతా విన్నాక కేకలు వెయ్యలేదు. అదే తాతబ్బాయికి ఇంకా కంగారు పుట్టించింది. మర్నాడు సాయంత్రం నాలుగు దాటాక ఆవిడ చీర మార్చుకుని, "పదండి" అంది.

మండలిలో ఆ రోజు పండగ వాతావరణం. విరిగిన మీటరు స్థానంలో కొత్త మీటరు వచ్చింది. రెండు వందల దాకా అంకెలు, గంట కూడా ఉంది. అధ్యక్షులవారే స్వయంగా పట్టీ కట్టించుకుని పరీక్షిస్తున్నారు. పక్కన సభ్యులు, భాగ్యారావు, ఒక కొత్త సర్టిఫికెట్టు, దాని పక్కన ఇంకో కాగితం.

"రావయ్యా తాతబ్బాయీ" అన్నారు పరాత్పరరావు గారు. "నిన్న సాధనము ప్రదర్శన పూర్తికాకుండా ప్రాంగణము వీడి వెళ్లుట క్రమశిక్షణారాహిత్యమే అయినను, రాష్ట్ర చరిత్రలో అత్యధిక కొలత నమోదైనందున మండలి క్షమించినది. మూడు రోజులు ముందుగానే నీకు పర్మనెంటు ఉత్తర్వు సిద్ధము చేసితిమి. నిన్నటి కొలత సక్రమమని ఒక సంతకము, ఉత్తర్వు అందినదని ఒక సంతకము. అంతే."

తాతబ్బాయి కాగితం వంక చూశాడు. తన పేరు, పక్కన "శాశ్వత ప్రాతిపదికన" అన్న మాట. పదిహేడేళ్లుగా కలలో చూసిన మాట అది.

"మా అమ్మాయి రెండు నెల్ల కిందట ఒక ఫారం ఇచ్చిందండి" అంది సూర్యకుమారి. "అది ఏమైందండి?"

కార్యదర్శి ఫైలు తీశాడు. సమర్థుడైన ఉద్యోగి, ఏ కాగితమూ పోనివ్వడు. "సదరు వినతి అందినది. పరిశీలించినాము. అందలి విషయము ప్రామాణిక భీతుని భయములకు సంబంధించిన విలువైన సమాచారమగుటచేత, తీర్మానము ప్రకారము, దరఖాస్తు పెట్టుకొన్న నిర్మాతలకు నకలు ఇచ్చినాము. వారి కోరికపై అదనంగా చిత్రీకరణకు అనుమతి కూడా మంజూరైనది."

"అంటే నా కూతురు వెనకాల ఎవడో తిరుగుతున్నాడని మొర పెట్టుకుంటే, ఆ కాగితం తిరిగేవోళ్ల చేతికే ఇచ్చి, ఇంకా తిరగమని పర్మిషను కూడా ఇచ్చేరన్నమాట."

"నిబంధనలకు లోబడి" అన్నాడు కార్యదర్శి.

సూర్యకుమారి ఫైలు తన వైపు తిప్పుకుంది. అనుమతి పత్రం అడుగున వేలు పెట్టింది. "ఈ సంతకం ఎవరిదండి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సభ్యులందరూ జేబుల్లోని పెన్నులు తడుముకున్నారు.

"సంతకం ఎవరిదండి?" ఆవిడ గొంతు పెంచలేదు.

కొత్త మీటరు ముల్లు కదిలింది. నలభై. డెబ్భై. పరాత్పరరావు గారు కుర్చీలో వెనక్కి జరిగారు. "చూచుటకు నా సంతకము వలెనే యున్నది గాని, సదరు సమయమున నేను సెలవులో..." నూట పది. "క్రింది స్థాయి సిఫార్సుపై యాంత్రికముగా..." నూట నలభై. గంట మోగడం మొదలుపెట్టింది. కార్యదర్శికి మీటరు చూడక తప్పదు గనక చూసి, అలవాటు కొద్దీ రాసుకున్నాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో అధ్యక్షులవారిని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఏ శ్మశానంలో ఏ దయ్యమూ అడగలేని ప్రశ్న.

సూర్యకుమారి భాగ్యారావు వైపు తిరిగింది. "మీకు ఆడపిల్లలున్నారాండి?"

"ఇద్దరమ్మా" అన్నాడాయన. కళ్లు లోతుకి పోయి ఉన్నాయి. "పర్మిషను కాగితం ఉంది గదా, తప్పేముంది అనుకున్నానమ్మా. ఎడిటింగులో కూర్చున్నాక తెలిసింది. అప్పట్నుంచి గంటకోసారి మా పిల్లలకి ఫోను చేత్తన్నాను. ఇక నావల్ల కాదు." సంచీలోంచి సినిమా ఉన్న డిస్కులు రెండూ తీసి, ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇంకో నకలు లేదు. నా పిల్లల మీద ఒట్టు."

అధ్యక్షులవారు అప్పటికి కాస్త తేరుకున్నారు. "అమ్మా, ఇవన్నీ తర్వాత పరిశీలించెదము గాక. ముందు నీ భర్తను ఉత్తర్వు తీసుకోమనుము. పర్మనెంటు! ఇటువంటి అవకాశము మరల రాదు."

సూర్యకుమారి మొగుడి వైపు చూసింది. తాతబ్బాయి పర్మనెంటు కాగితాన్ని రెండు చేతుల్తో తీసుకున్నాడు. ఒకసారి పూర్తిగా చదువుకున్నాడు. "సదరు సాధనము అరవై ఏండ్లు నిండువరకు" అన్న చోట ఆగాడు. తర్వాత ఆ కాగితాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టి, ఎగిరిపోకుండా పేపరువెయిటు కూడా పెట్టాడు.

"నాకొద్దండి" అన్నాడు.

"కారణము?"

"నేను సాధనాన్ని కాదండి. ఆ పిల్లకి నాన్ననండి."

ఉద్యోగం నుంచి విడుదల ఉత్తర్వు పది నిమిషాల్లో తయారైంది. అంత తొందరగా ఆ ఆఫీసులో ఏ కాగితమూ తయారవలేదు. అనుమతి పత్రాన్ని మాత్రం సూర్యకుమారి తిరిగి ఇవ్వలేదు. మడిచి బొడ్లో దోపుకుంది. అది చూసి మీటరు ఇంకోసారి గంట కొట్టింది.

వాళ్లు గుమ్మం దాటుతుండగానే పరాత్పరరావు గారు స్టెనోని పిలిచి కొత్త ప్రకటన చెప్పడం మొదలుపెట్టారు. "కావలెను: ప్రామాణిక భీతుడు. ఈమారు పొరపాటు జరగరాదు. అభ్యర్థికి భార్య ఉండరాదు. సంతానము ఉండరాదు. ఇల్లు, పొయ్యి, పోగొట్టుకొనదగినది ఏదియు ఉండరాదు. ఎవరికొరకును ఎదురుచూచు అలవాటు ఉండరాదు."

"అయ్యా, ఇట్టాంటి మనిషి బతికుంటాడాండి?" అని అడిగాడు స్టెనో.

అధ్యక్షులవారు ప్రకటనని ఒకసారి మొదట్నించీ చదివించుకున్నారు. "బతికి ఉండవలెనన్న నిబంధన పెట్టకుము" అన్నారు.

బయట ఎండ ఇంకా తగ్గలేదు. భార్యాభర్తలిద్దరూ గేటు దాటి కొంత దూరం నడిచారు.

"పర్మనెంటు పోయిందే" అన్నాడు తాతబ్బాయి.

"పోతే పోనీండి. టైమెంతయింది?"

"అయిదూ నలభై."

ఇద్దరూ అడుగులు పెంచారు. పిల్ల బస్సు ఆరూ పదికి వస్తుంది. రావచ్చు, ఆలస్యం కావచ్చు. తాతబ్బాయి గుండె దడదడ కొట్టుకుంటోంది. మూడేళ్ల తర్వాత మొదటిసారి అతను దాన్ని ఆపడానికి ప్రయత్నించలేదు. ఇకనుంచి తన కూతురి కోసం తాను ఎంత కావాలంటే అంత భయపడొచ్చు.